తొలివేట - తిన్నని విద్య: శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో వేటనేర్పు పరిశీలన

సారాంశం

ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని తిన్నని కథను మన పాఠ్యగ్రంథాలు, విమర్శ సాధారణంగా ‘అజ్ఞానియైన బోయ భక్తి చేత తరించిన కథ’గా వివరిస్తూ వచ్చాయి. ఈ వ్యాసం ఆ వివరణలోని ‘అజ్ఞాని’ అనే మాటను పునఃపరిశీలిస్తుంది. వేటను అలంకారశాస్త్రం వర్ణనాంశంగా, రాజనీతిశాస్త్రం వ్యసనంగా చూశాయి. తిన్నని కథ దాన్ని క్రమంగా నేర్చుకోవలసిన విద్యగా చూసిందనీ, ఆ విద్యలోని మెలకువలే తరువాత అతని అర్చనగా మారాయనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు దశరథుడు, పాండురాజు, స్వరోచి మొదలైనవారి వేట ఘట్టాలనూ, తమిళ పెరియపురాణంలోని తిన్నని తొలివేటనూ తులనాత్మకంగా స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: తిన్నడు, ధూర్జటి, వేట, మృగయావర్ణనం, బోయలు, చెంచులు, మౌఖిక విద్య, పెరియపురాణం.

1. ప్రవేశిక

కొన్నేళ్ల క్రితం డిగ్రీ తరగతిలో తిన్నని కథ చెబుతున్నప్పుడు, నేను చదువుకున్న రోజుల్లో విన్న వాక్యాన్నే మళ్లీ చెప్పాను: “చదువు లేదు, శాస్త్రం లేదు, ఆచారం లేదు, ఉన్నది భక్తి ఒక్కటే.” వెనుక వరుసలో కూర్చున్న ఒక విద్యార్థి లేచాడు. అతని స్వగ్రామం నల్లమల అంచున ఉంది. “మా తాత అడుగు చూసి అది ఆడదో మగదో, పొద్దున పోయిందో రాత్రి పోయిందో చెప్పేవాడట. అది చదువు కాదా?” అని అడిగాడు. ప్రశ్నలో ధిక్కారం లేదు, నిజంగా తెలుసుకోవాలన్న కోరికే ఉంది. ఆ రోజు నేను చెప్పిన సమాధానం నాకే తృప్తినివ్వలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా రాస్తున్న జవాబు.

ప్రశ్నను విమర్శ పరిభాషలో ఇలా చెప్పుకోవచ్చు. తిన్నడు కాళహస్తికి చేరేనాటికి ఖాళీ పాత్ర వంటివాడా? లేక అతని దగ్గర ఒక విద్య పూర్తిగా ఉండి, దాన్ని మనం విద్యగా గుర్తించలేకపోతున్నామా? దీన్ని తేల్చాలంటే అతని భక్తికి ముందున్న వేటను, అందులోనూ వేట నేర్చుకొనే దశను చూడాలి. మన విమర్శ ఆ భాగాన్ని చాలావరకు ‘వర్ణన’ అని దాటవేసింది.

2. వర్ణన, వ్యసనం, విద్య

వేట గురించి మన శాస్త్రాలు మూడు రకాలుగా మాట్లాడాయి. మొదటిది అలంకారశాస్త్రం. కావ్యాదర్శంలో దండి చెప్పిన మహాకావ్య వర్ణనాంశాల జాబితాలో నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు మొదలైనవి ఉన్నాయి గాని వేటకు ప్రత్యేకస్థానం లేదు. సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు మృగయను పేరు పెట్టి చేర్చాడు. తెలుగు ప్రబంధాల నాటికి వేటవర్ణన కవి తన సామగ్రిని ప్రదర్శించే రంగమైంది. వలలు, తెరలు, ఉరులు, జాగిలాలు, డేగలు, దీమపు జింకలు, వేటకాండ్ర ఆహార్యం వరుసగా వస్తాయి. నాయకుడు గుర్రమెక్కుతాడు, మృగాలు కూలతాయి. కాని ఆ నాయకుడు వేట ఎలా నేర్చుకున్నాడన్నది అక్కడ ప్రశ్నే కాదు. అతడు నేర్పరిగానే ప్రవేశిస్తాడు.

రెండోది ధర్మశాస్త్రం. మనుస్మృతి ఏడో అధ్యాయం కామం వల్ల పుట్టే పది వ్యసనాలలో వేటను మొదట చెప్పింది. వాటిలో మిక్కిలి కష్టతరమైన నాలుగింటిలో మద్యం, జూదం, స్త్రీలతోపాటు వేటనూ చేర్చింది.

మూడోది మన చర్చకు ముఖ్యం. కౌటిల్యుడు అర్థశాస్త్రం ఎనిమిదో అధికరణంలో వేటను జూదంతో పోలుస్తూ, వేటలో కొన్ని లాభాలున్నాయంటాడు. శరీరానికి వ్యాయామం కలుగుతుంది, కొవ్వు కరుగుతుంది, నిలిచిన గురిమీదా కదిలే గురిమీదా అభ్యాసం కుదురుతుంది, కోపంలోనూ భయంలోనూ మృగాల చిత్తం ఎలా ఉంటుందో తెలుస్తుంది. శాకుంతలం రెండో అంకంలో కాళిదాసు సేనాపతి నోట దాదాపు ఈ మాటలే పలికించాడు. సేనాపతి పలుకుల్లో రాజును మెప్పించే ధోరణి ఉన్నమాట నిజమే. అయినా ‘మృగాల చిత్తజ్ఞానం’ అన్న అంశం గమనింపదగినది. వేటగాడు నేర్చుకొనేది బాణం వేయడం మాత్రమే కాదు, ఎదుటి ప్రాణి మనసును చదవడం కూడా. ఈ సూత్రాన్ని మన పురాణకథల్లోని రాజులకు అన్వయిస్తే ఆశ్చర్యకరమైన ఫలితం వస్తుంది.

3. గురి ఉండి వేట రాని రాజులు

వాల్మీకి అయోధ్యాకాండలో దశరథుడు కౌసల్యకు చెప్పుకొన్న తన యౌవనకాలపు దోషం తెలిసినదే. వానకాలం రాత్రి, సరయూతీరం, నీళ్లకు వచ్చే మృగాల కోసం మాటు. కుండలో నీరు నిండే చప్పుడును ఏనుగు ఘీంకారంగా భ్రమించి అతడు శబ్దవేధి బాణం వదిలాడు. ముని కుమారుడు నేలకూలాడు. దీన్ని శాపకథగానే చదవడం మనకు అలవాటు. వేటదృష్టితో చదివితే ఇది కొత్తగా వేటకు దిగినవాడు చేయగల తప్పులలో అత్యంత ఘోరమైనది: చూడకుండా కొట్టడం. దశరథునికి అస్త్రవిద్యలో లోటు లేదు. పైగా చూడకుండా కొట్టగల నేర్పే అతని కీర్తి. ఆ కీర్తే ప్రమాదానికి కారణమైంది. నేటికీ వేటను చట్టం అనుమతించే దేశాలలో కొత్తవారికి మొదట నేర్పే నియమాలలో ఒకటి, గురిని కంటితో పోల్చుకొని, దాని వెనుక ఏముందో చూసుకున్న తరువాతే ఆయుధం వదలాలన్నది. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇటువంటి శిక్షణ పూర్తి చేయనిదే కొత్తవారికి వేట అనుమతిపత్రం ఇవ్వవు. సరయూతీరంలో దశరథునికి ఆ నియమం చెప్పేవారు పక్కన లేరు. అతడు ఒంటరిగా వెళ్లాడు; యువరాజు కాబట్టి ఎవరి దగ్గరా ఆగనక్కరలేదు.

ఆదిపర్వంలో పాండురాజుది మరో రకమైన లోపం. అతడు గురిని చూశాడు. చూసి కూడా, సంగమంలో ఉన్న జింకల జంటను కొట్టాడు. మృగరూపంలో ఉన్న కిందముడు అతనితో చేసిన వాదం సూక్ష్మమైనది. రాజులు మృగాలను చంపడం ఆచారమే కదా అని పాండురాజు సమర్థించుకుంటే, చంపడాన్ని తాను నిందించడం లేదనీ, ఆ సమయం ముగిసేదాకా ఆగకపోవడమే క్రౌర్యమనీ ముని అంటాడు. అంటే వేటకు లోపల ఒక నీతి ఉంది. ఎప్పుడు కొట్టరాదో తెలియడం ఆ నీతిలో భాగం. పాండురాజుకు విలువిద్య వచ్చు గాని ఆ నీతి రాదు.

ఈ ఇద్దరి కథల్లోనూ గురి తప్పలేదు. తప్పింది వేట. ఇద్దరూ గురువుల దగ్గర ధనుర్వేదం చదివినవారే. వారికి లేనిది, తిన్ననికి ఉన్నది ఏమిటన్నది ఇక చూడాలి.

4. ఉడుమూరు బడి

తిన్నని కథ తెలుగులోకి తమిళ శైవసంప్రదాయం నుంచి వచ్చింది. పన్నెండో శతాబ్దిలో శేక్కిళార్ రచించిన పెరియపురాణం ఈ కథను విస్తారంగా చెప్పింది. మన పాల్కురికి సోమన బసవపురాణంలో ఉడుమూరి కన్నప్ప కథను ద్విపదలో చెప్పాడు. పదహారో శతాబ్దిలో ధూర్జటి తన నాలుగు ఆశ్వాసాల ప్రబంధంలో మూడో ఆశ్వాసంలో దీన్ని ప్రధానఘట్టంగా తీర్చాడు.

ధూర్జటి కథనంలో నన్ను నిలిపిన అంశం క్రమం. బోయపల్లె ఉడుమూరులో పుట్టిన తిన్నడు ఒక్కసారిగా వీరుడై కనిపించడు. ముందు పల్లెపిల్లల ఆటలు వస్తాయి. తెలుగువారి బాల్యక్రీడల చరిత్ర రాసేవారందరూ ఈ పట్టికను ఆశ్రయిస్తారు. అయితే ఆటల జాబితాగా మాత్రమే చూస్తే కవి ఉద్దేశం సగమే అందుతుంది. దాగడం, వెదకడం, గురిచూసి కొట్టడం, తరమడం, తప్పించుకోవడం పిల్లల ఆటల్లో సహజంగా ఉండేవే. వేటగాని దేహానికి కావలసినవీ అవే. ఆ తరువాత విలువిద్య, ఆ తరువాత వేట. ఆట, అభ్యాసం, వృత్తి అన్న మూడు మెట్లు ఇక్కడ స్పష్టంగా ఉన్నాయి. ప్రబంధనాయకులలో ఎవరి వేటకూ ఇంతటి పూర్వరంగం లేదు.

పెరియపురాణంలో ఈ క్రమం సామాజికంగా మరింత నిండుగా ఉంది. తండ్రి నాగన్ వృద్ధుడై నాయకత్వాన్ని కొడుక్కి అప్పగిస్తాడు. దేవరాట్టి అనే పూజారిణి వనదేవతలను కొలిచి దీవిస్తుంది. తిన్నడు తొలివేటకు బయలుదేరతాడు. వెంట నాణన్, కాడన్ అనే తోటివారుంటారు. తొలివేట అంటే ఒక కుర్రవాడి సాహసం కాదు, ఊరంతా కలిసి ఒకరిని లోపలికి తీసుకొనే సందర్భం. దశరథుని ఒంటరి మాటుకూ దీనికీ ఉన్న అంతరం ఇక్కడే ఉంది.

అదే వేటవర్ణనలో శేక్కిళార్ వేటగాళ్ల నియమాలను కూడా చెప్పాడు. వారు ఏనుగు గున్నలను వెంటాడరు. చిన్న కూనలను చంపరు. గర్భభారంతో అడుగు తడబడే ఆడజింకలను బాధించరు. బాణవర్షం నడుమ కవి ఈ విషయాన్ని ఆగి చెప్పడం యాదృచ్ఛికం కాదు. పాండురాజును కిందముడు ఏ సంయమం లేదని నిందించాడో, ఆ సంయమం ఇక్కడ శాపభయం లేకుండానే, వృత్తిధర్మంగా ఉంది. గర్భిణిని చంపితే మరుసటి ఏడు వేటే ఉండదని అడవిలో బతికేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

వేట నేర్చుకోవడంలో మొదటి పాఠం ప్రాణిని గుర్తించడం. ఇందుకు మన భాష వద్ద ఎంత సామగ్రి ఉన్నదో చూడవచ్చు: ఇఱ్ఱి, లేడి, దుప్పి, కణితి, కొండగొర్రె. నిఘంటువుల్లో ఇటువంటి మాటలకు చాలాచోట్ల ‘మృగవిశేషము’ అన్న ఒక్క అర్థంతో పని ముగుస్తుంది. వేటగానికి ఆ ఒక్క అర్థం చాలదు. కృష్ణజింక బయలుభూముల ప్రాణి. దాని మెలితిరిగిన కొమ్ములు రాలవు. దూరంనుంచే మనిషిని పసిగడుతుంది. దుప్పి, కణితి కొమ్ములు ఏటేటా రాలి మళ్లీ మొలుస్తాయి. కణితి దట్టమైన చెట్లనీడను, కొండవాలును ఆశ్రయిస్తుంది. ఒకదానికి పనికివచ్చే మాటు మరొకదానికి పనికిరాదు. గాలి ఎటు వీస్తున్నదో చూసుకోనివాని వాసన అతనికంటే ముందే మృగాన్ని చేరుతుంది. కవులు పేర్లను మిగిల్చారు, నిఘంటుకారులు వాటిని ఒకే గంపలో వేశారు, వాటి నడుమ తేడా తెలిసినవారు మన పరిశోధనలకు వెలుపలే ఉండిపోయారు.

5. వేట అర్చనగా మారిన తీరు

ధూర్జటి కథలో తిన్నడు అడవిపందిని తరిమి, అలసి నిద్రపోతాడు. కలలో శివానుగ్రహం కలుగుతుంది. మేలుకొని మళ్లీ పంది వెంటపడి లింగాన్ని చేరుతాడు. వేటజాడే అతణ్ణి దేవుని దగ్గరికి చేర్చింది. ఇక్కడినుంచి కథ మారుతుందనీ, వేటగాడు మరుగై భక్తుడు మిగులుతాడనీ అనుకుంటాం. కాని అతని అర్చనలోని ఒక్కొక్క చర్యనూ పరిశీలిస్తే వేటగాడు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది.

మొదటిది మాంసనివేదన. తిన్నడు చేతికందిన మాంసం తెచ్చిపెట్టడు. కాల్చి, రుచిచూసి, మంచి ముక్కలు ఏరి తెస్తాడు. పూజారి దృష్టిలో ఇది ఎంగిలి. వేటగాని దృష్టిలో పరీక్షించనిది ఇతరులకు పెట్టడమే అపచారం. ఏ మృగంలో ఏ భాగం మెత్తనో, ఎంతసేపు కాల్చాలో తెలిసినవాడే ఆ పని చేయగలడు.

రెండోది కాపలా. తన దేవుడు అడవిలో ఒంటరిగా ఉన్నాడని తిన్నని ఆరాటం. పెరియపురాణంలో అతడు రాత్రంతా విల్లు పట్టి లింగానికి కావలి కాస్తాడు. ధూర్జటి తిన్నడు శివుణ్ణి తన ఉడుమూరికి రమ్మని పిలుస్తాడు. అక్కడ దొరికే తిండ్లనూ, సౌఖ్యాలనూ వరుసగా చెప్పి ఆశపెడతాడు. ఈ ఘట్టాన్ని ముగ్ధత్వానికి ఉదాహరణగా చూపడం పరిపాటి. నాకు ఇది తన ఊరి మీద, తన అన్నం మీద, తనవారి ఆతిథ్యం మీద పూర్తి నమ్మకం ఉన్నవాని మాటగా వినిపిస్తుంది. తనది తక్కువ బతుకని అనుకొనేవాడు దేవుణ్ణి ఇంటికి పిలవడు.

మూడోది నేత్రార్పణ. లింగం కంట నెత్తురు చూసినప్పుడు తిన్నడు మంత్రం కోసం వెదకడు. పెరియపురాణంలో ముందు గాయం చేసినవాని కోసం నలుదిక్కులా చూస్తాడు. తరువాత తన వారికి తెలిసిన ఆకుమందులు తెచ్చి పిండుతాడు. అవి పనిచేయనప్పుడు మాంసానికి మాంసమే మందన్న పెద్దల మాట గుర్తుచేసుకొని కన్ను పెకలిస్తాడు. ఇది ఉన్మాదం కాదు, చికిత్సాక్రమం. రెండో కన్ను తీస్తే చోటు కనబడదని ముందే ఆలోచించి, గుర్తుకోసం కాలు ఆనించాడు. శివుని కంటిపై పాదం మోపడం భక్తిదృష్టితో పరాకాష్ఠ. వేటదృష్టితో అది గురిని ముందే నిర్ధారించుకోవడం. దశరథుడు చూడగలిగి ఉండి చూడకుండా కొట్టాడు. తిన్నడు చూడలేని క్షణాన్ని ఊహించి ముందే చోటు పోల్చుకున్నాడు. ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు శిక్షితుడో, ఎవరు కాదో వేరే చెప్పనక్కరలేదు.

ఇదే సందర్భంలో పూజారి స్థితి కూడా గమనార్హం. అతడు చాటున దాగి తిన్నని పూజను చూడవలసి వస్తుంది. చప్పుడు చేయకుండా, కదలకుండా, ఎదుటివాని నడతను గమనిస్తూ ఉండడం వేటగాని మాటు తప్ప మరొకటి కాదు. శాస్త్రం చదివినవాడు ఇక్కడ మాటువేసి నేర్చుకొనే కొత్తవాడయ్యాడు. గురుశిష్యుల స్థానాలు తారుమారయ్యాయి. కథలో నిజమైన ‘తొలివేట’ పూజారిదేమో అని కూడా అనిపిస్తుంది.

6. జింక వైపునుంచి

ఈ వాదానికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. వేటను విద్యగా గౌరవించే తొందరలో చచ్చే ప్రాణిని మరచిపోతున్నామా? తెలుగు ప్రబంధమే ఈ ప్రశ్న వేసింది. మనుచరిత్రలో స్వరోచి మృగపక్షుల భాష తెలిసినవాడు. అతని భోగలాలసత గురించి మొదట పక్షుల మాటలు వింటాడు. తరువాత ఒక మగజింక తన చుట్టూ మూగిన ఆడజింకలతో, తాను స్వరోచిని కానని చెప్పి ఈసడించడం వింటాడు. వేటకు వెళ్లినప్పుడు ఒక లేడి ఎదురై మాట్లాడి, అతని ఆలింగనంతో వనదేవతగా మారుతుంది. ఆమెకు పుట్టినవాడే స్వారోచిష మనువు. మృగచిత్తజ్ఞానం పరాకాష్ఠకు చేరితే అది వేటగానికి అద్దంగా మారుతుందని పెద్దన చూపాడు. కౌటిల్యుడు లాభమన్న జ్ఞానమే ఇక్కడ తీర్పు చెప్పింది.

ధూర్జటి కావ్యంలోనూ ఈ ఇరుకు ఉంది. సాలెపురుగు, పాము, ఏనుగు ముక్తి పొందిన క్షేత్రంలోనే తిన్నడు మృగాలను చంపి నైవేద్యం పెడతాడు. కవి దీన్ని పరిష్కరించలేదు. మరొకటి కూడా ఒప్పుకోవాలి. ధూర్జటి బోయ కాదు. అతని వేటవర్ణనలో చూసి రాసినదెంతో, ప్రబంధసంప్రదాయం అందించినదెంతో వేరు చేయడం సులభం కాదు. వేటలో వాడే దీమాన్నే చూడండి. పెంచిన జింకను ఎరగా నిలిపి దాని జాతిని రప్పించడం నేర్పే, కాని అందులోని ద్రోహాన్ని ఏ నియమమూ కడిగివేయదు. కాబట్టి నా ప్రతిపాదన వేట మంచిదని కాదు. తిన్నడు చేసినది విద్య అని మాత్రమే. విద్య కావడానికి అది నిర్దోషమై ఉండనక్కరలేదు. రాజుల ధనుర్వేదం కూడా నిర్దోషం కాదు గదా.

7. నేటి సందర్భం

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 2006 అటవీహక్కుల చట్టం అడవిబిడ్డల సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే వేటహక్కును స్పష్టంగా మినహాయించింది. అడవుల నేటి స్థితిలో ఈ నిషేధం అవసరమైనదేనని నా అభిప్రాయం. అయితే చర్యను నిషేధించినంత మాత్రాన ఆ చర్య చుట్టూ పెరిగిన జ్ఞానం అజ్ఞానమైపోదు. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో ప్రచురించిన చెంచుల అధ్యయనం వారిని వేటకంటే సేకరణ మీద ఎక్కువగా బతికేవారిగా చిత్రించింది. అడవిని చదవడం రెండింటికీ మూలం. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో చెంచు యువకులు అటవీశాఖ రక్షణ సిబ్బందిగా పనిచేస్తున్నారు. జాడ తీసే నేర్పు ఇప్పుడు ప్రాణిని కాపాడడానికి ఉపయోగపడుతున్నది. తిన్నని విల్లు వేటనుంచి కావలికి మారినట్టే ఇదీ.

తెలుగు పరిశోధకులు చేయవలసిన పని ఇక్కడే మొదలవుతుంది. వేటకు సంబంధించిన మాటలను ప్రబంధాలనుంచి సేకరించి, నల్లమలలో వృద్ధుల నోట మిగిలిన మాటలతో సరిపోల్చి, నిఘంటువులు ‘మృగవిశేషము’ అని వదిలేసిన చోట్లను పూరించాలి. ఆ తరం ఎక్కువకాలం ఉండదు.

8. ముగింపు

దశరథుడు, పాండురాజు, తిన్నడు ముగ్గురూ విల్లు పట్టినవారే. మొదటి ఇద్దరికీ గురి ఉంది, వేటనీతి కొరవడింది. తిన్ననికి ఆటలనుంచి, తోటివారినుంచి, పెద్దల మాటలనుంచి వచ్చిన సమగ్రమైన విద్య ఉంది. అతని భక్తి ఆ విద్యను విడిచి పుట్టలేదు. ఏరడం, కాయడం, మందు వేయడం, చోటు పోల్చుకోవడం అన్న నేర్పులలోనుంచే రూపుదిద్దుకుంది. అందువల్ల ‘చదువులేని బోయ’ అన్న వాక్యాన్ని మన పాఠాల్లోనుంచి తీసివేయవలసిన అవసరం ఉంది. నా తరగతిలో ఇప్పుడు ఆ వాక్యం చెప్పడం మానుకున్నాను. తిన్నని కథ మొదలుపెట్టే ముందు, అడుగు చూసి మృగాన్ని పోల్చగలవారు తమ ఇళ్లలో ఎవరైనా ఉన్నారా అని విద్యార్థులను అడుగుతున్నాను. చేతులు లేచినప్పుడు పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.